పరదేశంలో పండగ, ఊళ్లో చదువు

సంక్రాంతి వారంలో ఏలూరు, తాడేపల్లిగూడెం స్టేషన్లలో రైలు దిగే జనాన్ని చూస్తే ఊళ్లన్నీ మళ్లీ నిండాయనిపిస్తుంది. గన్నవరం విమానాశ్రయం నుంచి కైకలూరు వైపూ దెందులూరు వైపూ కార్లు వస్తూనే ఉంటాయి. డల్లాస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో దుబాయ్ నుంచో వచ్చినవాళ్లు భోగి మంట చుట్టూ చేరి చదువుకున్న బడినీ, చెవి మెలిపెట్టిన మాస్టారినీ తలచుకుంటారు. "మన బడికి ఏదైనా చెయ్యాలిరా" అని ఎవరో ఒకరు అంటారు. తెల్లారి అక్కడికి వెళితే గేటుకి తాళం. పండగ సెలవులు కదా. హెడ్మాస్టరుగారిని ఫోన్ చేసి పిలిపించి, పిల్లలు లేని ఆవరణలో చెక్కు అందించి, ఫొటో దిగి, మూడోనాడు విమానం ఎక్కేస్తారు.

ఆ చెక్కు వెనక ఉన్న ప్రేమ నిజమైనది. దాన్ని తక్కువ చెయ్యనక్కర్లేదు. కానీ బడి నడుస్తుండగా చూడకుండా ఇచ్చిన సాయం చాలాసార్లు అవసరమున్న చోటికి చేరదు. బల్లలున్న గదికి మళ్లీ బల్లలు వస్తాయి. తొమ్మిదో తరగతిలో చదువు ఆపేసిన అమ్మాయి మాత్రం దాత కంట పడదు, ఎందుకంటే ఆమె ఆ ఫొటోలో లేదు.

ఈ అధ్యాయం ఆ అమ్మాయి గురించి. తాతగారి ఊరి పేరు తప్ప మరేమీ తెలియకుండా అమెరికాలో పెరుగుతున్న ఆమె ఈడు పిల్లాడి గురించి కూడా. అక్కడి తెలుగు సంఘాలు ఉగాదికి కవి సమ్మేళనం ఒకవైపు, ఊరి బడికి విరాళం మరోవైపు పెట్టుకుంటున్నాయి. రెండూ మంచి పనులే. ఆ రెండింటినీ ఒకే పనిగా చేసినప్పుడే ఆ పిల్లాడికి వారసత్వం అందుతుంది, ఈ అమ్మాయికి చదువు నిలుస్తుంది.

రంగూన్ సంపాదన, భీమవరం కుర్రాడు

పరదేశపు సంపాదనతో సొంతగడ్డ మీద చదువు చెప్పించడం కంప్యూటర్ ఉద్యోగాల కాలంలో పుట్టిన అలవాటు కాదు. కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు పేరున్న రేవు. ఆ తీరం నుంచి కూలీలు, కళాసులు, వర్తకులు బంగాళాఖాతం దాటి బర్మా వెళ్లేవారు. అలా వెళ్లినవాడే మల్లాడి సత్యలింగ నాయకర్. రంగూన్ రేవులో ఓడల సరుకు ఎత్తి దించే కాంట్రాక్టులు చేసి పెద్ద ఆస్తి కూడబెట్టాడు. ఆ ఆస్తిని ధర్మకార్యాలకు రాసిచ్చాడు. కాకినాడ జగన్నాథపురంలో ఆయన పేరు మీద వెలసిన ధర్మసంస్థ చదువుకునే పిల్లలకు అండగా నిలిచింది. ఎం.ఎస్.ఎన్. విద్యాసంస్థలంటే ఆ ప్రాంతంలో తెలియనివారు ఉండరు.

ఇటు భీమవరంలో 1895లో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. చిన్నతనంలో చదువు మీద కన్నా డబ్బు సంపాదన మీద ఆయన మనసు ఎక్కువ. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇల్లు విడిచి బయల్దేరితే వెనక్కి పట్టుకొచ్చారు. తండ్రి పోయాక తల్లి నగలమ్మి చదివించింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టాడన్న కోపం ఒక ప్రొఫెసరుకి ఉండటంతో ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డాడు. 1920లలో ఆయన అమెరికా ఓడ ఎక్కడానికి ఆసరా అయినవి రెండు: మామగారు కూడదీసి ఇచ్చిన డబ్బు, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయం హామీ. అప్పటికి సత్యలింగ నాయకర్ బతికి లేడు.

ఆ తర్వాతి కథ వైద్యశాస్త్ర చరిత్రలో ఉంది. హార్వర్డ్‌లో చదువుతూ, ఆసుపత్రిలో రాత్రిపూట పనిచేసి పొట్ట నింపుకుంటూ, భాస్వరాన్ని కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించాడు. 1940లో లెడర్లే ప్రయోగశాలకు వెళ్లాడు. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించాడు. ఫైలేరియాకు మందుగా హెట్రజాన్ వచ్చింది ఆయన పర్యవేక్షణలోనే. బోదకాలు గోదావరి జిల్లాల పాత శత్రువు. ఫైలేరియా నివారణ కార్యక్రమంలో ఈ జిల్లాల్లో ఊరూరా పంచిన డీఈసీ మాత్ర అదే మందు. 1948లో కన్నుమూసేదాకా సుబ్బారావు మళ్లీ భారతదేశం రాలేదు. ఆయన పని మాత్రం వచ్చింది. రంగూన్ రేవులో ఓ తెలుగువాడు సంపాదించిన రూపాయి కాకినాడ మీదుగా బోస్టన్ వెళ్లి, మాత్రగా మారి, గోదావరి గడ్డకే చేరింది.

ఈ కథలో సాయం చెయ్యాలనుకునేవాళ్లు పట్టుకోవలసిన సంగతులు రెండున్నాయి. ఒకటి, ఆ సాయం దాత ఊళ్లో ఉన్న రోజుల మీద ఆధారపడలేదు. ఆయన లేకపోయినా నడిచే ఏర్పాటు ఉంది కాబట్టే తర్వాతి తరం కుర్రాడికి అందింది. రెండోది ఇంకా ముఖ్యం. మెట్రిక్యులేషన్ ఫలితాలు చూసి మొదటి ర్యాంకు వాడికే ఇస్తామన్న నియమం ఉండి ఉంటే సుబ్బారావు పేరు ఏ జాబితాలోనూ ఉండేది కాదు. ఇప్పటి విరాళాల్లో ఎన్నో పదో తరగతిలో ఫస్టు వచ్చిన వాళ్లకి నగదు బహుమతులుగా పోతున్నాయి. ఫస్టు వచ్చిన పిల్లని మెచ్చుకోవాల్సిందే. అయితే ఆ పిల్లకి దారి చూపించేవాళ్లు అప్పటికే ఎవరో ఒకరు ఉంటారు. లెక్కల్లో తప్పిన పిల్లాడి భుజం మీద చెయ్యి వేసేవాళ్లే కరువు.

తెలుగునాట చదువుకి ఆసరా ఇచ్చిన పాత పద్ధతులు కూడా ఇదే చెబుతాయి. వారాలు చేసుకుని చదువుకున్న రోజుల్లో ఒక్కో ఇల్లు వారానికి ఒక్క పూటో ఒక్క రోజో అన్నం పెట్టేది, అలా ఏళ్ల తరబడి పెట్టేది. టంగుటూరి ప్రకాశం తల్లి ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఆ కుర్రాడిలోని చురుకుదనం చూసిన గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు తాను రాజమండ్రి మకాం మార్చినప్పుడు వెంట తీసుకెళ్లి అక్కడ చదివించాడు. తర్వాత లా చదవడానికి కూడా ఆసరా ఇచ్చాడు. ఆ కుర్రాడు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. నాయుడుగారు ప్రకాశం చేతిలో కవరు పెట్టి పంపించెయ్యలేదు. ఏటా ఆ కుర్రాడి చదువు ఎక్కడిదాకా వచ్చిందో ఆయనకి తెలుసు.

ఫ్రీటౌన్ పాఠం

ఇంకో సముద్రం ఒడ్డున ఇదే పనిని మరో జాతి మరో తీరులో చేసింది. పడమటి ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్. అక్కడి క్రియో ప్రజల పూర్వీకులు బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు. 1792లో కెనడాలోని నోవా స్కోషియా నుంచి వచ్చినవాళ్లు, 1800లో వచ్చిన జమైకా మరూన్లు, ఆ తర్వాత బ్రిటిష్ నౌకాదళం బానిస ఓడల మీద పట్టుకుని విడిపించినవాళ్లు, అందరూ కలిసి క్రియోలయ్యారు. సొంత ఊళ్లు, కొన్నిచోట్ల సొంత భాషలు కూడా పోగొట్టుకున్న ఆ ప్రజలు బడిని ప్రాణంగా పట్టుకున్నారు. 1827లో ఫోరా బే కాలేజీ, 1845లో మగపిల్లల గ్రామర్ స్కూలు, 1849లో ఆడపిల్లల కోసం యానీ వాల్ష్ స్కూలు వచ్చాయి. ఆఫ్రికా నుంచి తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన శామ్యూల్ అజాయి క్రౌథర్ ఫోరా బే తొలి విద్యార్థుల్లో ఒకడు.

ఇవాళ లండన్‌లోనూ అమెరికా నగరాల్లోనూ స్థిరపడిన క్రియోలు పెద్దల్ని తలచుకుని అవూజో విందు చేసుకుంటారు, పాత విద్యార్థుల సంఘాలుగా కూడి తమ బడులకు సాయం పంపుతారు. వాళ్లకి పూర్వీకులనూ బడినీ వేరుచేసి చూసే అలవాటు లేదు. మన సంగతికొస్తే, ఉత్తర అమెరికా తెలుగు సంఘమైన తానా తొలి మహాసభ 1977లో జరిగింది. అంటే అక్కడి తెలుగు సంఘాలకి దాదాపు అర్ధ శతాబ్దం వయసు వచ్చింది. ఇన్నేళ్ల అనుభవం ఉన్న సమాజానికి ఫ్రీటౌన్ వాళ్ల ఈ అలవాటు నేర్చుకోవడం కష్టం కాదు.

కొల్లేటి పిల్లలకి ఏం కావాలి

మన ఊళ్లకి వద్దాం. సాయం గురించి మాట్లాడే ముందు ఏలూరు, కైకలూరు పక్కనున్న కొల్లేరు ఎలా ఉంటుందో తెలియాలి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లూ డ్రెయిన్లూ నీళ్లు తెస్తాయి. ఆ నీళ్లని సముద్రానికి చేర్చేది ఒక్క ఉప్పుటేరే. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సుకి ఊపిరాడాలంటే ఆ పని అవసరమే. అయితే ఆ చెరువుల మీద బతికిన లంక గ్రామాల కుటుంబాల్లో చాలామంది కూలి పనికి వేరే ఊళ్లు పట్టారు. ఇప్పటికీ చేపల చెరువుల గట్ల మీద షెడ్లలో కాపలా ఉండే కుటుంబాలు ఎన్నో. పని ఎక్కడుంటే అక్కడికి ఇల్లు మారుతుంది. పిల్లల బడీ మారుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది.

వాన ఎక్కువైన ఏడాది సంగతి చెప్పనే అక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచెత్తింది. ఆ నీరు తర్వాత కొల్లేటిలోకే దిగింది. పెదఎడ్లగాడి వంతెన దగ్గర నీరు ఎగదన్నింది, లంక గ్రామాల దారులు మునిగాయి, పడవే గతి అయ్యింది. అలాంటప్పుడు పిల్లలు వరసగా రోజుల తరబడి బడికి దూరమైపోతారు. నగరంలో సెలవు ఇస్తే ఆన్‌లైన్ పాఠం ఉంటుంది. మునిగిన లంకలో కరెంటే ఉండదు.

ఇక బడిలో ఏముంది, ఏం లేదు అన్నది దాతలు ముందు తెలుసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వం పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బ్యాగు కిట్టుగా ఇస్తోంది. మధ్యాహ్నం భోజనం డొక్కా సీతమ్మ పేరు మీద పెడుతోంది. లంకల గన్నవరంలో ఆకలన్నవారికి వేళ చూడకుండా అన్నం పెట్టిన ఆ తల్లి పేరు పెట్టడం గోదావరి జిల్లాల వాళ్లకి గర్వం. 2025 జూన్ నుంచి 'తల్లికి వందనం' పథకం కింద ఒక్కో బిడ్డకి ఏటా 13,000 రూపాయలు తల్లి ఖాతాలో పడుతున్నాయి. కాబట్టి సముద్రం అవతలి నుంచి మళ్లీ బ్యాగులూ నోటు పుస్తకాలూ పంపితే ఉన్నదాని మీద ఉన్నదే పెట్టినట్టవుతుంది.

ఖాళీలు వేరే చోట ఉన్నాయి. లంక గ్రామంలో ఐదో తరగతి దాకా బడి ఉండి, హైస్కూలుకి పక్క ఊరు వెళ్లాల్సి వస్తే ఆటో ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? సందె చీకట్లో ఆడపిల్ల ఒంటరిగా రావాలంటే తల్లి భయపడుతుంది. నలుగురు పిల్లల్ని తెచ్చే ఒక ఆటోకి నెల నెలా డబ్బు కడితే ఆ భయం తీరుతుంది. బోర్డు మీద అక్షరాలు కనపడని పిల్లాడికి కళ్లజోడు కావాలి. వాడు మొద్దు కాదు, వాడికి కళ్లు మసక. ఆరో తరగతికొచ్చినా తెలుగు వాక్యం కూడబలుక్కుని చదివేవాళ్లకి సాయంత్రం ఒక గంట కూర్చోబెట్టి చదివించే మనిషి కావాలి. ఊళ్లో డిగ్రీ చదివి ఇంటి దగ్గరున్న అమ్మాయి ఆ పనికి సరిగ్గా సరిపోతుంది. ఆమెకిచ్చే నెల జీతం ఆ ఊళ్లో రెండు తరాలకి పనికొచ్చే ఖర్చు.

అన్నింటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది కాగితాల పని. ఎన్.ఎం.ఎం.ఎస్. అనే కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతనం ఉంది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలు దాని పరీక్ష రాస్తారు. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకి 48,000, నేరుగా పిల్లల ఖాతాలోకి వస్తాయి. దరఖాస్తుకి ఆదాయ ధ్రువపత్రం కావాలి. ఎంపికయ్యాక ఏటా జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చెయ్యాలి. ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో మరోలా ఉంటే డబ్బు ఆగుతుంది. చెరువు గట్టు మీద కాపలా ఉండే తండ్రికి ఈ తిరుగుడంతా ఎక్కడ తెలుస్తుంది? గెలుచుకున్న డబ్బు చేతికి రాకుండా పోయేది ఇక్కడే. గ్రామ సచివాలయానికి పిల్లాడి వెంట వెళ్లి, పత్రం తీయించి, రెన్యువల్ చేయించే ఒక మనిషిని ఊళ్లో ఏర్పాటు చేస్తే చాలు. పరీక్షకి ముందు ఆ పిల్లలకి మూడు నెలలు మెంటల్ ఎబిలిటీ లెక్కలు వీడియోలో చెప్పగలిగిన ఇంజనీర్లు అమెరికా తెలుగు ఇళ్లల్లో వీధికొకరు ఉన్నారు.

తర్వాతి మెట్టు పదో తరగతి. నూజివీడులో ట్రిపుల్ ఐటీ ఉంది, 2008లో రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ (ఆర్.జి.యు.కె.టి.) కింద మొదలైంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక అది ఏలూరు జిల్లాలోనిదే. పల్లె పిల్లల్ని పదో తరగతి కాగానే తీసుకుని ఆరేళ్లు అక్కడే ఉంచి ఇంజనీర్లని చెయ్యడానికే అది పుట్టింది. ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకి ప్రవేశంలో అదనపు మొగ్గు కూడా ఉంది. తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్.ఐ.టి. వచ్చింది, దాని పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కాలేజీ 1945 నుంచి, ఆడపిల్లలకి సెయింట్ థెరిసా కాలేజీ 1953 నుంచి నడుస్తున్నాయి. ఇంత దగ్గర్లో ఇన్ని ఉన్నా, వాటి గేట్ల లోపలికి ఒక్కసారీ అడుగుపెట్టని లంక పిల్లలు బోలెడంతమంది. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక బస్సులో ఎక్కించి ఈ ప్రాంగణాలు ఒక రోజు చూపించడానికి అయ్యే ఖర్చు ఒక సన్మానసభ శాలువాలూ దండల ఖర్చులో సగం కూడా ఉండదు.

డబ్బు పంపేముందు

ఇది విసుగు పుట్టించే విషయమే అయినా తప్పదు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉంటూ భారత పౌరసత్వం వదులుకోనివాళ్లు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళంగా లెక్కలోకి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓ.సి.ఐ. కార్డు పట్టుకున్నవాళ్ల డబ్బు మాత్రం విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్.సి.ఆర్.ఏ.) ప్రకారం విదేశీ విరాళమే. అది ఆ చట్టం కింద రిజిస్టరైన సంస్థకి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని నిర్దేశిత ఖాతా ద్వారానే రావాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకి అందించడం కూడా కుదరదు. అందుకే "మా తమ్ముడి ఖాతాకి వేస్తాం, వాడు బడికి ఇచ్చేస్తాడు" అనే పద్ధతి మంచిది కాదు. తమ్ముడూ చిక్కుల్లో పడతాడు, బడీ చిక్కుల్లో పడుతుంది. పాత విద్యార్థుల బృందంలో రెండు రకాల పౌరసత్వాలవాళ్లూ ఉంటారు కాబట్టి మొదటి రోజే ఒక చార్టర్డ్ అకౌంటెంటుని అడిగి దారి తేల్చుకోవాలి.

లెక్క ఎంత చిన్నదైనా రాసి ఉంచాలి. హెడ్మాస్టరుకీ తల్లిదండ్రుల కమిటీకీ ఒక్కో ప్రతి ఇవ్వాలి. హెడ్మాస్టర్లు బదిలీ అవుతారు, కమిటీ ఊళ్లో ఉంటుంది. కేంద్ర ప్రభుత్వపు విద్యాంజలి పోర్టల్‌లో బడులు తమకేం కావాలో రాసుకునే వీలుంది. దాత అక్కడ చూసి ఇస్తే రికార్డు కూడా నిలుస్తుంది. ఒక్క పిల్లని తీసుకుంటే ఒక్క ఏడాదికి తీసుకోకూడదు. ఎనిమిదో తరగతిలో పట్టుకుంటే డిగ్రీలో చేరేదాకా వదలకూడదు. అంత మాట ఇవ్వలేనివాళ్లు నలుగురు కలిసి ఒక పిల్ల బాధ్యత తీసుకోవచ్చు. ఇంటర్ అయ్యాక కాలేజీ ఫీజు రీయింబర్స్‌మెంటు ఆలస్యమైన నెలల్లోనే చాలామంది పేదింటి ఆడపిల్లల చదువు ఆగుతుంది. ఆ నెలలకి సరిపడే డబ్బు ముందే పక్కన పెట్టి ఉంచడం తెలివైన పని.

అక్కడి పిల్లలు, ఇక్కడి పిల్లలు

పరదేశంలో తెలుగు నిలవాలంటే ఏం చెయ్యాలో మారిషస్ చూపించింది. చెరకు తోటల పనికి పంతొమ్మిదో శతాబ్దంలో ఓడలెక్కి వెళ్లిన తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు ఈనాటికీ అక్కడ ఉగాది చేసుకుంటారు. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. దీనికి కారణం పండగ ఒక్కటే కాదు, బడుల్లో తెలుగు పాఠం ఉండటం. అమెరికాలో సిలికానాంధ్ర సంస్థ 2007లో పిల్లలకి తెలుగు నేర్పే మనబడి మొదలుపెట్టింది కూడా ఈ అవసరం చూసే. పండగ నాటి పట్టు పావడా సాయంత్రానికి పెట్టెలోకి వెళ్లిపోతుంది. వారం వారం చదివే పాఠం నాలుక మీద ఉంటుంది.

అయితే పాఠానికి ఒక మనిషి తోడైతే ఇంకా నిలుస్తుంది. ఇక్కడ ఆదివారం ఉదయం ఏడయ్యేసరికి డల్లాస్‌లో శనివారం రాత్రి ఏడున్నర, వాళ్ల ఎండాకాలంలో అయితే ఎనిమిదిన్నర. వారానికి ఒక్క అరగంట కైకలూరు దగ్గరి ఒక బడి పిల్లలూ అక్కడి మనబడి పిల్లలూ తెర మీద కలవచ్చు. ఒక వారం అక్కడివాళ్లు ఇంగ్లీషు కథ చదివి వినిపిస్తారు. మరో వారం ఇక్కడివాళ్లు కొర్రమీనుకీ మట్టగిడసకీ తేడా చెబుతారు, మావు ఎలా అల్లుతారో చూపిస్తారు, దోనె ఏ చెట్టుతో చేస్తారో చెబుతారు. ఈ ఏర్పాటులో ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి అన్న తేడా ఉండదు. లంక పిల్ల తనకి తెలిసింది చెప్పి పాఠం నడుపుతుంది. ఆ గౌరవం ఆమె చదువుకి ఎంత బలమో ఏ ఉపాధ్యాయుణ్ణి అడిగినా చెబుతారు. ఒక్క జాగ్రత్త: బడి ఆవరణలో, టీచరు ఎదురుగా, ఇద్దరి తల్లిదండ్రుల అనుమతితోనే ఇది జరగాలి. పిల్లల ఫోన్ నంబర్లు చేతులు మారకూడదు. సాయం అందుకునే పిల్ల ఫొటో, పేరు, కుటుంబ కష్టం సంఘం పత్రికలోకీ వాట్సాప్ గ్రూపులోకీ ఎక్కించకూడదు. ఆమె రేపు అదే ఊళ్లో తలెత్తుకుని నడవాలి.

ఇక ప్రయాణం. సంక్రాంతికి రావడం మానమని ఎవరూ అనరు, కోడిపుంజులూ గంగిరెద్దులూ ముగ్గులూ పిల్లలు చూడాల్సినవే. బడి కోసం రావాలంటే మాత్రం జూన్, జూలై నెలలు మేలు. ఆంధ్రలో బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు, అమెరికాలో అప్పుడు ఎండాకాలం సెలవులు. రాష్ట్రమంతా ఒకే రోజు జరిపిన మెగా పేరెంట్ టీచర్ మీటింగుల్లో ఒకటి 2025 జూలై 10న వచ్చింది. పాత విద్యార్థుల్నీ దాతల్నీ కూడా ఆ రోజు పిలిచారు. అలాంటి రోజున అక్కడ పెరిగిన పిల్లలు తండ్రి చదివిన బల్ల మీద కూర్చుని ఒక పూట పాఠం వింటే, ఆ ఊరు వాళ్లకి వట్టి కథగా మిగలదు.

బడి అయ్యాక అక్కడి పిల్లల్నీ ఇక్కడి పిల్లల్నీ కలిపి తిప్పడానికి చుట్టుపక్కల చోట్లు కావలసినన్ని ఉన్నాయి. ఆటపాకలో చెట్ల మీద గుంపులు గుంపులుగా వాలే పెలికాన్లు. వాటి కోసం అయితే చలికాలం మంచిది. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి, ఫాల్గుణంలో జాతర. జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి కొండలో రెండు వేల ఏళ్లు దాటిన బౌద్ధ గుహలు. పెదవేగి మట్టిలో వేంగి రాజ్యపు ఆనవాళ్లు. ఏలూరు వీధుల్లో పారశీక నేతగాళ్ల వారసులు నేసే ఉన్ని తివాచీలు. దూరదేశాల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడివాళ్లై, ఇక్కడి పేరుతోనే లోకానికి తెలిసిన కళ అది. పరదేశంలో పెరుగుతున్న పిల్లలకి తివాచీ మగ్గం పక్కన చెప్పగలిగిన కబుర్లు చాలా ఉంటాయి. ఊరి పిల్లల్లో కూడా వీటిని చూసినవాళ్లు తక్కువే. టిక్కెట్లూ టిఫినూ పెట్టుకుని ఇద్దర్నీ ఒకే వ్యానులో తీసుకెళ్లే కుటుంబం ఆ రోజు రెండు పనులూ చేసినట్టే.

ఈ పుస్తకం చదువుతున్న మీరు కొల్లేటి గట్టున పుట్టి దూరాన ఉంటే, వచ్చే సంక్రాంతి దాకా ఆగనవసరం లేదు. ఈ వారమే మీ హైస్కూలు హెడ్మాస్టరుగారికి ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: ఎనిమిదో తరగతిలో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఎందరికి ఆదాయ ధ్రువపత్రం ఉంది, కిందటేడాది తొమ్మిదో తరగతిలో ఉండి ఈ ఏడాది బడికి రాని పిల్లలు ఎవరు. మూడో ప్రశ్నకి జవాబుగా వచ్చిన పేరుతో పని మొదలుపెట్టండి.